ఊళ్లో లేని మనిషి పేరు

నా చిన్నప్పుడు కోరుట్లలో మా ఇంటి గోడకు ఆనుకునే ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. కాలితో తొక్కి నడిపే మిషన్, సీసం అక్షరాలు నింపిన చెక్క అరలు, సిరా, కిరోసిన్ కలిసిన వాసన. లగ్గాల కాలం వచ్చిందంటే దాని చప్పుడు వింటూనే అన్నాలు తినేవాళ్లం, అది ఆగితే ఏదో తక్కువైనట్టు గోడ వైపు చూసేవాళ్లం. దాని యజమానిని వాడకట్టు పిల్లలమంతా ప్రెస్ తాత అనేవాళ్లం. ఆయనతో మాకు చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో గోడ ఒక్కటే. అయినా మా అమ్మ ఆయనను మామా అని పిలిచేది, ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు నిలబడేది. లగ్గం పత్రికలు, దుకాణాల కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు అన్నీ ఆయన దగ్గరే అచ్చయ్యేవి. మొదటి నుంచి చివరిదాకా తాను చదవనిదే ఒక్క కాగితాన్నీ ఆయన బయటికి పంపడని అందరూ చెప్పుకునేవారు. తొందరలో ఉన్నవాళ్లు మాత్రం ఉత్త చాదస్తమని విసుక్కునేవారు.

మా బాపు, అంటే నాన్న, అప్పుడు మస్కట్‌లో పనిచేసేవాడు. నెల తప్పకుండా ఉత్తరం వచ్చేది. అమ్మ ఎక్కువ చదువుకోలేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఆ ఒక్క ఉత్తరాన్నే మధ్యాహ్నమంతా చదివేది. ఆ ఏడాది ఎండాకాలం మొదలవుతుండగా ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ పైకి ఏమీ అనేది కాదు. పోస్టుమన్ వచ్చే వేళకు మాత్రం ఏదో ఒక పని పెట్టుకుని గడపలోకి వచ్చేది. బియ్యం ఏరడానికి, లేకపోతే నా తల దువ్వడానికి. ఆయన సైకిల్ ఆగకుండా వెళ్లిపోతే దువ్వెన నా నెత్తి మీద గట్టిగా పడేది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. రాయికల్ దిక్కు ఒక ఊళ్లో, మస్కట్ పోయిన మనిషి పెట్టెలో శవమై వచ్చాడు. ఇంట్లో చెల్లె లగ్గం ఉందని, ఆ చావు కబురు అందాక కూడా లగ్గం అయ్యేదాకా భార్యకు ఎవరూ చెప్పలేదట. ఆమె ఆ లగ్గంలో పసుపు చీర కట్టుకుని అందరికీ వడ్డించిందట. మా వైపు ఇది కొత్తేమీ కాదు. శుభకార్యం ముందు పెట్టుకుని చావు కబురు చెప్పరు, దాచిపెడతారు. ఆ సంగతి అమ్మ దగ్గర ఎవరో వచ్చి చెప్తుంటే నేను ఆమె ఒళ్లో ఉన్నాను. మా ఇంట్లో కూడా లగ్గం ముందర ఉంది. మా చిన్నత్తను, అంటే బాపు చెల్లెను, సిరిసిల్ల వాళ్లకు ఇస్తున్నారు. సంబంధం బాపే ఖాయం చేసి పోయాడు. పనులన్నీ మా ఇద్దరు కాకలు, అంటే బాపు తమ్ముళ్లు, చూసుకుంటున్నారు.

పత్రిక అచ్చుకు ఇచ్చారు. తప్పులు చూసుకోవడానికి మొదటి ప్రూఫ్ ఇంటికి వచ్చిన రోజు మా కాకల హడావుడి చూడాలి. ఆహ్వానించేవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. ముందు మా తాతయ్య పేరు. ఆయన అప్పటికే కాలం చేశాడు కనుక పేరుకు ముందు కీ.శే. అని ఉంది. ఆ పక్కన మా బాపు, తర్వాత కాకలు. అంతా సరిగ్గానే ఉంది. కానీ పెద్ద కాకకు అది నచ్చలేదు. తండ్రి పేరు కొడుకుల పేర్లతో కలిపి ఒకే వరసలో ఎలా పెడతారని, ఆయన పేరు పైన విడిగా రావాలని పట్టుబట్టాడు. తన పేరు మరీ చివరికి పోయి పూల అంచుకు తగులుతోందని చిన్న కాక అలిగాడు. దిద్దమని కాగితం వెనక్కి పంపారు.

ఆ రోజు ప్రెస్ తాత కాగితం కొనడానికి జగిత్యాల పోయాడు. అక్షరాలు పేర్చే మనిషి తాతయ్య పేరును తీసి పైన పెట్టాడు. దాని ముందున్న కీ.శే. మాత్రం కిందే ఉండిపోయింది. కింద వరసలో ఇప్పుడు మొదటి పేరు మా బాపుది.

రెండో ప్రూఫ్ వచ్చింది. అందరూ చూశారు. పెద్ద కాక తన పేరు చూసుకున్నాడు, తండ్రి పేరు పైకెక్కిందా లేదా చూశాడు. చిన్న కాక తన పేరు అంచుకు దూరంగా జరిగిందని మురిశాడు. అత్త తన పేరును, పక్కనే ఉన్న పెళ్లికొడుకు పేరును చూసుకుని సిగ్గుపడి లోపలికి పోయింది. ఒక్కొక్కరూ బాగుంది అన్నారు. ఎవరి పేరు వాళ్లు చదువుకున్నారు, అంతే. మా బాపు పేరు చదవడానికి మా బాపు అక్కడ లేడు. ప్రెస్ తాత వచ్చేదాకా ఆగుదామని అక్షరాలు పేర్చే మనిషి అన్నాడట. ముహూర్తం ముంచుకొస్తోందని, సిరిసిల్లకు మొదటి పత్రికలు తెల్లారే పోవాలని కాకలు ఊపిరాడనీయలేదు.

మర్నాడు పొద్దున పత్రికల కట్ట మా ఇంటికి వచ్చింది. గిన్నెలో పసుపు కలుపుకుని అమ్మ చాప మీద కూర్చుంది. ఒక్కో పత్రిక తీసి నాలుగు మూలలకూ పసుపు పెడుతోంది. నేను వాటిని ఆరడానికి నేల మీద పరుస్తున్నాను. చిన్న కాక సిరిసిల్ల బస్సు కోసం చొక్కా మార్చుకుంటున్నాడు. కాసేపు అమ్మ ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. తర్వాత ఒక పత్రిక చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. ఆమె పెదవులు కదలడం చూశాను. బాపు ఉత్తరం చదివేటప్పుడు కదిలినట్టే కదిలాయి. వేలు ఒక చోటికి వెళ్లి, అక్కడి నుంచి ముందుకు పోలేదు.

 అమ్మ ఆ పత్రికకు కూడా పసుపు పెట్టి నాకు ఇచ్చింది. తర్వాతిది తీసుకుంది, దానికీ పెట్టింది. కానీ పసుపు మూలకు పడటం లేదు. ఒకసారి అక్షరాల మీద, ఒకసారి తన చీర మీద పడుతోంది.  ఏమైందని అడిగితే ఏం లేదు, నువ్వు ఆరబెట్టు అంది. ఆ గొంతు అమ్మది కాదు. నాకేమీ తెలియకుండానే భయం పట్టుకుంది. చాప వదిలి లేవాలనిపించింది, కానీ ఆమెను ఒంటరిగా వదలడం అంతకంటే భయమనిపించింది.

అప్పుడే ప్రెస్ తాత వచ్చాడు. గడప దాటి లోపలికి వచ్చాక కూడా కాళ్లకు చెప్పులున్నాయి. ఆయన అలా రావడం ఎన్నడూ లేదు. చేతిలో ఒక పత్రిక ఉంది. జగిత్యాల నుంచి వచ్చి, ఎప్పటిలాగే ప్రెస్‌లో మిగిలిన ఒకదాన్ని తీసి, తెల్లకాగితంతో కింది వరసలు మూసుకుంటూ ఒక్కో వరసా చదివాడట. మధ్యలోనే లేచి పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు అమ్మ చేతుల్లోకి చూసి ఆగిపోయాడు. చిన్న కాకతో, సిరా సరిగా ఆరలేదు, పత్రికలన్నీ ఇటివ్వు, సాయంత్రానికి మళ్లీ ఇస్తానన్నాడు. బస్సు పోతుందని కాక వాదానికి దిగాడు. ఆరిన సిరాను ఆరలేదంటావేమని, వేలితో రుద్ది మరీ చూపించాడు.

అమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తాయి.

"మామా, సిరా మాట ఇడిసిపెట్టుండ్రి. మస్కట్ కెల్లి కబురు మీకు ఎప్పుడొచ్చిందో జెప్పుండ్రి. లగ్గం అయ్యేదాక నేను ఎవ్వలతోని అనను. ఏడ్వను గూడ."

 కాక అప్పుడు పత్రిక చదివాడు. మొదటిసారి, నిజంగా చదివాడు. చదివి గోడకు జారగిలబడ్డాడు. అమ్మ మాత్రం నిలబడే ఉంది. అందరికీ తెలుసని, తనకొక్కదానికే దాచారని, అచ్చులో మాత్రం దాచలేక నిజమే పెట్టేశారని ఆమె అనుకుంది. అనుకుని కూడా పసుపు పెడుతూ కూర్చుంది. 

ప్రెస్ తాత చెప్పులు విడిచి, నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, ఎవ్వలకు ఏ కబురు రాలే. గది మీ మామ పేరు ముందటి మాట. పేరు పైకి పోయింది, మాట కిందనే ఉండిపోయింది. గంతే, నా ప్రెస్‌ల అయిన తప్పు."

"గట్లనే అంటరు మామా," అంది అమ్మ. "రాయికల్ దిక్కు గామెకు గూడ గట్లనే అన్నరు."

మాటలతో ఆమె నమ్మదని ఆయనకు అర్థమైంది. రమ్మని చెయ్యి చూపి ముందు నడిచాడు. అమ్మ వెనక నేను, నా వెనక కాక. ప్రెస్‌లో మిషన్ మీద పేర్చిన అక్షరాలు ఇంకా అలాగే బిగించి ఉన్నాయి. గోడ మేకుకు గుచ్చిన మొదటి ప్రూఫ్ తీసి అమ్మ చేతికిచ్చాడు. అందులో ఆ మాట తాతయ్య పేరు ముందే ఉంది. తర్వాత బిగింపు వదులు చేసి, సన్నని పట్టకారు లాంటి చిమటాతో ఆ చిన్న సీసం ముక్కలను బాపు పేరు ముందు నుంచి తీసి, పైన తాతయ్య పేరు ముందు పెట్టాడు. సిరా రాసి, కాగితం వేసి, తానే తొక్కి ఒకటి తీశాడు. తడిగా ఉన్న ఆ కాగితాన్ని అమ్మ ముందు పెట్టి చదవమన్నాడు.

అమ్మ వేలు పెట్టి చదివింది. పైనుంచి, ఒక్కో అక్షరం, ఏదీ వదలకుండా. మేమంతా నిలబడి విన్నాం. బాపు పేరు దగ్గరికి వచ్చి ఆగింది. దాని ముందున్న ఖాళీని వేలితో తడిమింది. వేలికి సిరా అంటింది. తర్వాత ఆ పేరు పైకి చదివి, అక్కడే కాగితాల కట్టల మధ్య కూలబడి ఏడ్చింది. లగ్గం అయ్యేదాకా ఏడవనని అన్న మనిషి అంత గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకో తెలియకపోయినా, ఇక ఏడవచ్చని మాత్రం తెలిసింది.

పసుపు పెట్టిన పత్రికలను చింపకూడదని ప్రెస్ తాత వాటిని తీసుకుపోయి వాగులో కలిపాడు. కొత్తవి అచ్చువేసేటప్పుడు మూడోసారి కూడా మొదటి నుంచి చదివాడు. దిద్దితే అది కొత్త కాగితమే, మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే అని ఆయన లెక్క. లగ్గానికి ముందే, సెలవు మీద వచ్చిన ఒకాయన బాపు గొంతుతో ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. పని మారి, టపా అందని దూరపు క్యాంపుకు పంపారట. దాన్ని అమ్మ ఎన్నిసార్లు పెట్టించుకుందో చెప్పలేను. అత్త లగ్గంలో ఆమె పసుపు చీర మాత్రం కట్టుకోలేదు, ఎర్రది కట్టుకుంది.

ఆ తర్వాత ప్రెస్ తాత ప్రతి ప్రూఫునూ గోడ మీదుగా అమ్మకు అందించేవాడు. తనకేం వచ్చని అమ్మ సంకోచపడితే, మేం గబగబ చదువుతం, నువ్వు ఉన్నదే చదువుతవ్ అనేవాడు. నేను పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒకరోజు నన్ను కూడా చదవమని, ఆయన చెప్పిన మాట ఇది:

"ఊళ్లె లేనోళ్ల పేరు ముందుగాల చదువు బిడ్డా. ఉన్నోళ్లది వాళ్లే జూస్కుంటరు."

నేను టీచరునై, జగిత్యాలలో రిటైరై, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా దుకాణం పెట్టినవాళ్లు తప్పులు చూసిపెట్టమని కరపత్రాలు తెస్తారు. మొన్న ఒకమ్మాయి తన మొదటి కథల పుస్తకం ప్రూఫులు తెచ్చింది. చాలాసార్లు చూసుకున్నా, ఊరికే ఒకసారి తిరగేయండి అంది. నేను ఊరికే తిరగేయలేను. చాదస్తమని ఆమె ముఖంలోనే కనిపించింది. రాసినవాళ్లు తాము రాసింది చూసుకుంటారు. దాన్ని ఎక్కడో కూర్చుని చదివే మనిషి రాసేచోట ఉండడు, ఇదేంటమ్మా అని అడగలేడు. ఆ మనిషి తరఫున చదవాలని ఆమెకు చెప్పాను. దిద్దాక మళ్లీ తెమ్మన్నాను.

పోయిన నెల మా అమ్మ పోయింది. పెద్దకర్మ కార్డు డీటీపీ షాపు పిల్లవాడు ఫోన్లో పంపాడు. తమ్ముళ్లు, మరదళ్లు, పిల్లలు ఎవరి పేరు వాళ్లు చూసుకుని గ్రూపులో ఓకే అని పెట్టారు. నేను కళ్లద్దాలు తుడుచుకుని, ముందుగా అమ్మ పేరు దగ్గరికి వెళ్లాను. కీ.శే. అన్న ఆ మాట ఆమె పేరు ముందు ఉంది. తెరను పెద్దది చేసి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇన్నేళ్లలో ఎన్నో కాగితాలు చదివాను కానీ, అందులో తప్పు ఉంటే బాగుండునని కోరుకోవడం అదే మొదటిసారి. ఏ తప్పూ లేదు. చాలాసేపటి తర్వాత నేనూ ఓకే అని పెట్టాను.