కరెంటు తాలీం

మా అత్తగారింట్లో మొన్నటిదాకా నా బామ్మర్దికి ఒక పేరుండేది: ఫోన్లో ఆటాడుకుంటూ కోళ్లను చంపినోడు. పెళ్లిలోనో పురుట్లోనో నలుగురు కూడితే చాలు, ఎవరో ఒకరు ఆ మాట తీసేవారు. అందరూ నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్లం అప్పుడు ఇద్దరమే, వాడూ నేనూ. ఇన్నేళ్లూ వాడు నా కోసం నోరు మెదపలేదు. నేనూ నా కోసమే మెదపలేదు.

ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కానీ తప్పు ఒక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ ఎండాకాలం మాకు ఎంత బాగుండిందో కూడా చెప్పాలి. అది తెలియకపోతే, నలభై ఏళ్లు నిండిన లైన్‌మన్ ఒకడు అంత పిల్లచేష్ట ఎందుకు చేశాడో ఎవరికీ అర్థం కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తలు. మహబూబ్‌నగర్ పక్కన ఒక మండల కేంద్రంలో నా డ్యూటీ. నా భార్య తమ్ముడు అదే ఊరి సబ్‌స్టేషన్లో ఆపరేటర్, కాంట్రాక్టు మీద. సబ్‌స్టేషన్ ఊరికి మూడు కిలోమీటర్ల అవతల, కంది చేల మధ్య ఉండేది. గంటకోసారి మీటర్లు చూసి రిజిస్టర్లో రాయడం, ఏ లైనుకు కరెంటు ఆపాలన్నా, వేయాలన్నా బ్రేకర్ తిప్పడం వాడి పని. కరెంటు కోతలు తగ్గిపోయిన రోజులవి. మమ్మల్ని చూస్తే తిట్లందుకునే జనం చాయ్ తాగిపొమ్మని పిలవడం మొదలుపెట్టారు. మాకు చేతిలో కొంచెం తీరిక, మనసులో కొంచెం గర్వం.

ఆటను వాడే తెచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటుంటే వాడు ఫోను నా మొహానికి ఎదురుగా పట్టి, "బావా, కదలకు. నీ భుజం మీద గబ్బిలమున్నది," అన్నాడు. నేను ముద్ద వదిలేసి లేచాను. నా భార్య కూడా అరిచింది. వాడు నవ్వి ఫోను చూపించాడు. కెమెరాలో నా భుజం, దాని మీద ఊదారంగు గబ్బిలం రెక్కలాడిస్తూ. వేలితో బంతి విసిరి దాన్ని పట్టేశాడు. పట్టిన జంతువులన్నీ ఫోన్లో సంచిలో ఉంటాయట. వీధుల్లో తిరుగుతుంటే కొత్తవి దొరుకుతాయట. వీధుల్లో తిరగడం నా నౌకరే కదా. సాయంత్రానికి నా ఫోన్లోనూ ఎక్కించుకున్నాను.

ఆ నెలంతా నేను స్తంభం కింద నిలబడి పైకి చూడాల్సింది పోయి ఫోను చూసేవాణ్ణి. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద తాబేలు, కల్లు దుకాణం ముందు పాము, తహసీల్ ఆఫీసు మెట్ల మీద ముళ్లపంది. మా ఊళ్లో బస్టాండు దగ్గర పాత రాతి కమాను ఒకటుంది. ఆటలో దాని మీద ఒక ఎత్తైన గద్దె కనపడేది. ఆటగాళ్లు మూడు రంగుల జట్లుగా విడిపోయి, తమ జంతువులను ఆ గద్దె మీద కావలి పెట్టాలి. అవతలి జట్లు వచ్చి వాటితో కొట్లాడి దింపాలి. పాతకాలంలో కుస్తీ పట్టే జాగాను మా దిక్కు తాలీం అంటారు. మేం దాన్నీ తాలీం అనే పిలిచాం.

మాది పసుపు జట్టు. దాని గుర్తు మెరుపు పక్షి. జట్టులో ఆరుగురం, అందరం కరెంటుతో బతికేవాళ్లమే. నేను, నా బామ్మర్ది, ఇంకో లైన్‌మన్, మోటార్లు చుట్టే ఆయన, వెల్డింగ్ దుకాణం అన్నదమ్ములు. కనుక తాలీంలో కరెంటు జంతువులు తప్ప వేరేవి పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మా పేర్లు మేమే పెట్టుకున్నాం. పక్కలకు రెండు అయస్కాంతాలు అతికించుకున్న ఇనుప గుండు ఒకటుంది, దాని పేరు ఇన్సులేటర్. ఎరుపు తెలుపు బంతి ఒకటుంది, కోపమొస్తే పేలిపోతుంది. అది ట్రాన్స్‌ఫార్మర్. బొచ్చంతా సూదుల్లా నిక్కబొడుచుకున్న పసుపు నక్క నా బామ్మర్దిది. జుట్టు దువ్వుకోని మా ఇంజనీరు సారు పేరు దానికి పెట్టాడు. సారు ఎదురుగా వచ్చినప్పుడల్లా మేం నేల చూపులు చూసేవాళ్లం.

ఊళ్లో ఆటాడేవాళ్లు దాన్ని కరెంటు తాలీం అనడం మొదలుపెట్టారు. ఆ మాట వినపడితే నా ఛాతీ పొంగేది.

ఎర్ర జట్టుకు పెద్ద, ఫోన్ రీచార్జి దుకాణం ఆయన. ఆయన వెనక నలుగురు డిగ్రీ కాలేజీ పిలగాళ్లు. ఆ ఆటలో మట్టి జాతి జంతువుల మీద కరెంటు పారదు. ఎంత కొట్టినా భూమిలోకి దిగిపోతుంది. ఆ సంగతి తెలిసిన రోజు నా బామ్మర్ది మురిసిపోయాడు. ఎర్తింగ్ సంగతి తెలిసిందంటే ఈ ఆట తయారుచేసినోడు ఎప్పుడో స్తంభమెక్కే ఉంటాడన్నాడు. రీచార్జి ఆయన పెద్దచెరువు కట్ట మీద రోజులకు రోజులు తిరిగి మట్టి జంతువులను పోగేశాడు.

"లైన్‌మనన్నా, మీ ఫ్యూజులు నేను పీకుత," అనేవాడు.

"ముందు నీ దుకాణం మీటరు కాడి దొంగ కరెంటు కొండీ పీక్కో," అనేవాణ్ణి.

అలా మాటా మాటా పెరిగి పందెం కట్టాం. ఆదివారం సాయంత్రం ఐదింటి నుంచి మళ్లీ ఆదివారం ఐదింటి దాకా తాలీం మీద పసుపు జెండా దిగకుండా ఉండాలి. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల రంగు చొక్కాలు తొడుక్కొని బస్టాండు నుంచి మార్కెట్ దాకా నడవాలి.

ఆ వారమంతా వంతులు వేసుకొని కాపలా కాశాం. నేను పొద్దున్నే బండి మీద పోయి కమాను కింద ఆగి, మా జంతువులకు సాధన చేయించి, డ్యూటీకి పోయేవాణ్ణి. చాయ్ హోటల్ ఆయన మా కోసం బెంచీ కమాను నీడలోకి జరిపాడు. నా భార్య టిఫిన్ డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టేది. తర్వాత నా జీవితంలో మంచి రోజులు రాలేదని కాదు. కానీ ఉత్తపుణ్యానికి అంత సంతోషపడ్డ రోజులు మళ్లీ రాలేదు.

ఆదివారం వచ్చింది. ఎండ మండిపోతోంది. నాలుగున్నరకు రీచార్జి ఆయన నలుగురు పిలగాళ్లతో కమాను కిందికి వచ్చాడు. నా బామ్మర్ది సబ్‌స్టేషన్లో డ్యూటీ మీద ఉన్నాడు. వాళ్లు ఐదుగురూ ఒకేసారి మట్టి జంతువులను కొట్లాటకు దింపారు. ఇన్సులేటర్ పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. సూదుల నక్క ఒక్కటే మిగిలింది. ఐదు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఊరి సెల్ టవర్ బ్యాటరీలు చచ్చిపోయాయని లైన్‌మన్‌గా నాకు తెలుసు. కరెంటు పోతే నిమిషంలో సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోతే కొట్లాట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

నేను కమాను వెనక్కు పోయి నా బామ్మర్దికి ఫోన్ చేశాను. బస్టాండు దగ్గర వైరు నిప్పులు కక్కుతోంది, పైకెక్కుతున్నాను అని అబద్ధం చెప్పి, ఊరి లైనుకు కరెంటు ఆపమన్నాను. దాన్ని మేం ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవడం అంటాం. లైన్‌మన్ పేరు, టైము రిజిస్టర్లో రాసుకున్నాకే ఆపరేటర్ బ్రేకర్ తెరవాలి. ఆ లైన్‌మన్ పని ముగించి, దిగి, తానే చెప్పేదాకా ఎవరడిగినా కరెంటు వేయకూడదు. వేస్తే స్తంభం మీదున్నవాడు బూడిదైపోతాడు.

వాడు రాయమంటవా అని అడిగాడు. తర్వాత రాద్దువు, పది నిమిషాల పనే అన్నాను. బావ మాట కదా, రాయలేదు.

కరెంటు పోయింది. సిగ్నల్ పోయింది. రీచార్జి ఆయన ఫోనును తొడకేసి కొట్టుకున్నాడు. మా వాళ్లు ఐదయ్యేదాకా గడియారం చూసి ఈలలేశారు. వెల్డింగ్ తమ్ముడు సిద్ధంగా తెచ్చిన పసుపు చొక్కాలు పంచాడు. మార్కెట్ దాకా ఊరేగింపు. నేను ముందు నడిచాను. ఆ గోలలో కరెంటు సంగతే మర్చిపోయాను. యాదికి వచ్చి ఫోన్ తీస్తే సిగ్నల్ ఎక్కడిది. ఆపించింది నేనే. వేయమని చెప్పడానికి నాకే దారి లేదు. బండి తీసుకొని సబ్‌స్టేషన్‌కు పరుగెత్తేసరికి గంట దాటింది.

అక్కడ గేటు ముందు, ఊరి లైను మీదే ఉన్న కోళ్ల ఫారం ఆయన నిలబడి ఉన్నాడు. కోతలు పోయాయని ఆయన జనరేటర్లో డీజిల్ పోయడం మానేశాడు. ఫ్యాన్లు ఆగాయి, నీటి తుంపరలు ఆగాయి, షెడ్డులో కోళ్లు కుప్పలు కుప్పలుగా పడిపోయాయి. ఇంకో పది రోజులైతే లారీ ఎక్కాల్సినవి. అర్ధగంట నుంచి నా బామ్మర్దిని బతిమాలాడట, తిట్టాడట, కాళ్లు పట్టుకోబోయాడట. వాడు లైను మీద మనిషున్నాడని ఒక్కటే మాట చెప్పి, బ్రేకర్ గది తాళంచెవి జేబులో వేసుకొని కూర్చున్నాడు.

నన్ను చూడగానే వాడు కుర్చీలోంచి లేచాడు. మొహమంతా చెమట. గేటు దాకా వినపడకుండా, "దిగినవా బావా?" అన్నాడు.

నా ఒంటి మీద పసుపు చొక్కా ఉంది. వాడు దాన్ని చూశాడు. ఇంకేమీ అడగలేదు. లోపలికి పోయి బ్రేకర్ వేశాడు.

విచారణ జరిగింది. రిజిస్టర్లో ఏ పేరూ లేదు. వాడి ఫోన్లో ఆట ఉంది. లైను మీద ఎవరున్నారని అడిగితే వాడు తల దించుకున్నాడు. నన్ను పిలిచి అడిగారు. ఆ రోజు నేను లైను మీద లేనని చెప్పాను. అక్షరాలా నిజమే చెప్పాను. కాంట్రాక్టు మనిషి కోసం ఫోన్ రికార్డులు తీసి చూసేదెవరు. వాణ్ణి తీసేశారు. కొన్నాళ్లకు వాడితో పాటు చేరినవాళ్లకు నౌకరి ఖాయమైంది. వాడు షాద్‌నగర్ పోయి ఒక ఫ్యాక్టరీలో మోటార్ల పనికి కుదిరాడు. కమాను దిక్కు నేను మళ్లీ ఫోన్ తీయలేదు.

అంతకంటే పాడు పని ఇంకొకటి ఉంది. వాడి బిడ్డ పుట్టువెంట్రుకల దావత్‌లో ఎవరో కోళ్ల మాట తీశారు. అందరితో పాటు నవ్వి ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. ఇకనైనా ఫోను పక్కన పెట్టి పని మీద ధ్యాస పెట్టు, పెండ్లాం బిడ్డలున్నోనివి అని భోజనాల బంతి నడుమ వాడికి బుద్ధి చెప్పాను. నా భార్య కూడా నాకు వంత పాడింది. వాడు కూర బకెట్ పట్టుకొని వింటూ నిలబడ్డాడు.

మొన్న ఎండాకాలంలో ఆ బిడ్డే, ఇప్పుడు బడికి పోతోంది, అందరి ముందు వాడి చెయ్యి గుంజి అడిగింది. "నాయినా, నువ్వు నిజంగ కోళ్లను సంపినవా?" వాడు నవ్వుతూ, "ఔ బిడ్డా," అన్నాడు. ఆ పిల్ల చెయ్యి వదిలేసింది.

ఆ వారంలోనే షాద్‌నగర్ పోయాను. ఫ్యాక్టరీ ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నాం. అందరికీ చెప్పేస్తానన్నాను. వాడు గ్లాసు కింద పెట్టాడు.

"నౌకరి పోయిందని నీ మీద కోపం లేదు బావా. నీది పోతే అక్క ఏమైతదని నేనే ఊకున్న. గా దావత్ల నాకు బుద్ధి చెప్పినవు సూడు. గదొక్కటి మింగుడు పడలే."

నేను తప్పయిందన్నాను. వాడు చాయ్ తాగేసి, డ్యూటీ టైమయిందని లేచాడు. పోతూ పోతూ, ముందు అక్కకు చెప్పమన్నాడు.

నా భార్యకు చెప్పాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చాట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. "నాతోని గూడ వాన్ని అనిపించినవు," అంది. మళ్లీ ఆదివారం అందరినీ వాళ్లమ్మ ఇంటికి పిలిచింది. నువ్వే చెప్పాలె, నేను చెప్పను అంది. చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల అంతా విని, వాళ్ల నాయిన ఒళ్లోకి జరిగి కూర్చొని నన్నడిగింది.

"కోళ్లాయనకు చెప్పినవా మామా?"

లేదన్నాను.

"మరి ఆయనకు ఇంకా నాయిన మీదనే కోపముంటది గద."

తెల్లారి పోయాను. ఆయన కోళ్లు పెంచడం ఆ ఏడాదే మానేశాడు. షెడ్డులో ఇప్పుడు ఎరువు బస్తాలున్నాయి. మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మొదటి నుంచీ చెప్పాను. ఆట, పందెం, చొక్కాలు, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"నీకు నిజంగ ఎన్ని నిమిషాలు కావాల్సుండె?"

"ఇరవై."

ఆయన షెడ్డు రేకుల దిక్కు చూశాడు. ఆ పిలగాణ్ణి ఆ రోజు అనరాని మాటలన్నానని, వాళ్లమ్మను కూడా తిట్టానని చెప్పాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, వాడి నంబరు చెప్పమన్నాడు. నేను ఒక్కో అంకె చెప్పాను. ఆయన చూపు ఆనక, ఒక్కోటి మళ్లీ అడిగి నొక్కాడు.