ఏడో బల్ల మీది మచ్చ

సమానం బావకు ఈ లోకంలో ఎవరితోనూ పేచీ లేదు, వెలుతురులో మచ్చతో తప్ప. గది నడుమ కాస్త ఎక్కువ వెలుగు, మూల కాస్త తక్కువ వెలుగు ఉంటే చాలు, ఆయనకు ముద్ద దిగదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉంది గాని, మాటకు ముందొకసారి, వెనకొకసారి "సమానంగా ఉండాలి" అంటాడు కాబట్టి బావమరిది పెట్టిన పేరే ఖాయమైంది. చివరికి అక్క కూడా తమ్ముడికి ఫోను చేసి, మీ సమానం బావ మళ్ళీ బల్బులన్నీ ఊడదీశాడని చెప్పే స్థితికి వచ్చింది.

ఒకసారి క్షవరానికి వెళ్ళి, కుడి చెంప మీద వెలుతురు ఎక్కువ పడుతోంది, ఎడమ చెంప మీద తక్కువ పడుతోందని కుర్చీని మూడుసార్లు జరిపించాడు. నాలుగోసారి షాపాయన విసుగెత్తి, ఇక జరిపితే కుర్చీ వీధిలోకి పోతుందన్నాడు. "మంచి మాట చెప్పావు, అక్కడైతే ఎండ సమానంగా ఉంటుంది" అని బావ మెడకు గుడ్డతో, ముఖానికి నురగతో వెళ్ళి వీధిలో కూర్చున్నాడు. ఆ రోజు అటు వెళ్ళిన బస్సులన్నీ కాస్త నెమ్మదిగా వెళ్ళాయి.

బావమరిదికి బిడ్డ పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చి, ఉయ్యాల వైపు కాక పైకప్పు వైపు చూశాడు. జేబులోంచి మీటరు తీశాడు. అరచేతిలో పట్టే ఆ పెట్టె తన మీద ఎంత వెలుతురు పడుతోందో అంకెల్లో చెబుతుంది. దాన్ని ఉయ్యాలలో తొమ్మిది చోట్ల పెట్టి, కాళ్ళ దగ్గర తక్కువగా ఉందని తేల్చాడు.

"ఆడపిల్లో మగపిల్లాడో అడగవేం బావా?" అన్నాడు బావమరిది.

"ఎవరైతేనేం, కాళ్ళ దగ్గర తక్కువే కదా."

ఇదంతా వృత్తి తెచ్చిన జబ్బు. లైట్ల ముందు అమర్చే ప్లాస్టిక్ తెరలు తయారుచేసే చిన్న కార్ఖానా ఆయనది. ఆ తెర చూడ్డానికి మబ్బు పట్టిన గాజులా ఉంటుంది. దాని ఒంటినిండా వెంట్రుక మందం కూడా లేని బొడిపెలు వేలకు వేలు. వెనక ఎల్‌ఈడీలు చుక్కలు చుక్కలుగా వెలుగుతున్నా, తెర దాటేసరికి చుక్క ఆనవాలు మిగలదు. అదెలాగో బావమరిదికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కకపోతే, బావ చివరికి పుకారులోకి దిగాడు.

"ఒక పుకారును ఒక్క నోట్లో వేస్తే ఎవరు పుట్టించారో పట్టుకోవచ్చు. వెయ్యి నోళ్ళలో వేసి చూడు. ఊరంతా సమానంగా పాకుతుంది, ఎక్కడ మొదలైందో బ్రహ్మక్కూడా తెలీదు. ఈ బొడిపెలన్నీ ఆ నోళ్ళు."

"దానికి వెయ్యి నోళ్ళెందుకు, మా అక్క ఒక్కతే చాలదూ?" అన్నాడు బావమరిది, అక్క వంటింట్లోనే ఉందని చూసుకుని.

బావమరిది ఒక బట్టల మిల్లులో తనిఖీ హాలుకు సూపర్‌వైజరు. పన్నెండు బల్లల మీద తానులు పరిచి, పన్నెండు మంది ఆడవాళ్ళు బట్టలో లోపాలు వెతుకుతారు. పైన పాత ట్యూబులైట్లు. ఒక బల్ల మీద కళ్ళు చెదిరేవి, మరో బల్ల గుహలా ఉండేది. హాలంతా ఒకే వెలుతురు కావాలని మేనేజరు అన్న రోజున బావమరిది నోరు జారి బావ పేరు చెప్పాడు.

బావ పది రోజులు ఆ హాల్లో కాపురం పెట్టాడు. పైకప్పంతా తెరలు పరిచి, బల్లకు తొమ్మిది గళ్ళు గీసి, గడికో అంకె నోటుబుక్కులో రాసుకున్నాడు. పని పూర్తయ్యేసరికి హాల్లో పాలు ఒలికినట్టుంది. ఒకావిడ తన నీడ కోసం కాళ్ళ చుట్టూ వెతుక్కుని, కనిపించక, ఇంటికి ఫోను చేసి అంతా క్షేమమేనా అని కనుక్కుంది. పదకొండు బల్లల మీద మునుపటికంటే ఎక్కువ లోపాలు దొరకసాగాయి.

ఏడో బల్ల మీద మాత్రం తగ్గిపోయాయి. అక్కడ ఉండేది పెద్దమ్మ. ఇరవయ్యారేళ్ళ సర్వీసు, హాల్లో అందరికీ పెద్దమ్మే. ఒక్క వారంలో మూడు తానులు నేతలో పడ్డ దారపు ముడులతో సహా ఆవిడ చేతుల మీదుగా బయటికి పోయాయి. ఆవిడ చూపు పోయిందని మేనేజరు తేల్చేశాడు. శనివారం పరీక్ష. పదకొండు ముడులున్న తాను ఒకటి ఆవిడ ముందు పరుస్తారు. ఒక్కటి తప్పినా సోమవారం నుంచి రానక్కర్లేదు.

బావమరిది చాటుగా అడిగితే పెద్దమ్మ అసలు సంగతి చెప్పింది. "చూపు మందగించి ఆరేళ్ళయింది నాయనా. నేను ముడిని ఎప్పుడు చూశాను, దాని నీడను కదా చూసేది. నా పక్క ట్యూబు కిందికి వేలాడేది. వెలుతురు వాలుగా పడి, ఇంత ముడికి ఇంత నీడ వచ్చేది. మీ బావగారొచ్చి నీడలన్నీ ఊడ్చేశారు."

ఆ సాయంత్రమే బావమరిది అక్క ఇంటికి వెళ్ళి, "నీ సమానం ఒక ముసలావిడ కొంప ముంచింది బావా" అని జరిగింది చెప్పాడు. బావ వాదించలేదు. ముడి ఎంత ఎత్తుంటుందని మాత్రం అడిగాడు. ఆ పూట భోజనాల బల్ల మీద దీపం ఒక పక్కకు ఒరిగి ఉన్నా ఆయన పట్టించుకోకపోవడంతో, అక్క ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది.

శనివారం పరీక్షకు ముందే బావ హాల్లో దిగాడు. నోటుబుక్కు బావమరిది చేతిలో పెట్టి, ఏడో బల్ల పక్కన నిచ్చెన ఎక్కి, తెరను తట్టి, మూతి విరిచి, మేనేజరును పిలిపించాడు.

"ఇక్కడ నా తెర చెడిపోయింది. బొడిపెలు సరిగ్గా అచ్చు పడలేదు. నడుమ ఎక్కువ, మూల తక్కువ. ఆ మూడు తానుల తప్పు నాది, ఆవిడది కాదు" అన్నాడు. అదే మాట కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు.

గడ్డం కోసం వీధిలో కూర్చున్న మనిషి, తన వెలుతురులో మచ్చ ఉందని తానే రాసివ్వడం! నిచ్చెన పట్టుకున్న బావమరిది నమ్మకం కుదరక నోటుబుక్కు తెరిచాడు. ఏడో బల్ల పేజీలో తొమ్మిది గళ్ళు, తొమ్మిదింటిలోనూ ఒకటే అంకె. హాలు మొత్తంలో అలా కుదిరిన బల్ల అదొక్కటే.

"బావా, ఇందులో..."

"నిచ్చెన సరిగ్గా పట్టుకో, పడతాను."

కిందికి దిగి, కొత్త తెర వచ్చేదాకా ఇది ఉంటుందని, బల్ల అంచున ఒక చిన్న దీపం బిగించాడు. దాని వెలుతురు బట్ట మీద పడుకున్నట్టు వాలుగా పాకింది. పెద్దమ్మ తానును ముందుకు లాగింది. మేనేజరుకు తెలిసిన పదకొండు ముడులూ చూపించి, తెలియని పన్నెండోది కూడా చూపించింది.

రెండేళ్ళయింది, ఆ కొత్త తెర ఇంకా రాలేదు. మూడు నెలలకోసారి బావ మీటరు పట్టుకుని బల్లబల్లకూ తిరుగుతాడు. ఏడో బల్ల దగ్గరికి రాగానే మీటరు జేబులోకి పోతుంది. మొన్న పెద్దమ్మే ఆపి, "ఇక్కడ ఒక పక్కే ఎక్కువ పడుతోంది, మచ్చలా లేదూ నాయనా?" అంది.

బావ పైకి చూశాడు, కిందికి చూశాడు.

"నాకేం కనిపించడం లేదు పెద్దమ్మా. కళ్ళు పరీక్ష చేయించుకోవాలి."

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, కాపలా మనిషి గదిలో ఎడమ మూల వెలుతురు తక్కువగా ఉందని అరగంట పేచీ పెట్టుకున్నాడు.