పాడైన మౌసు

గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటు మీద ఒకావిడ నా పక్కన నిలబడ్డారు. చేతిలో వైరు చుట్టిన కంప్యూటర్ మౌసు. లంక ఊరి బడిలో టీచరట. రిపేరుకి తీసుకెళ్తున్నారట.

నేనూ టీచర్నే కాబట్టి, "అయ్యో, పిల్లలు పాడుచేశారా అండి?" అన్నాను.

"కంప్యూటర్ వచ్చి ఏడాదైందండి. మా హెడ్మాస్టరు గారు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, గదికి తాళం వేసేశారు. వాళ్లావిడ లేసు కవరు కూడా అల్లిచ్చారు. పిల్లలు చెప్పులు విప్పి, గుమ్మంలోంచి చూసి వచ్చేసేవారు. మొన్న ఆయన సెలవు పెడితే నేనే తాళం తెరిచి, కవరు తీసి, మౌసు పిల్లల చేతికిచ్చాను."

"మరి ఆయనకేం చెబుతారు?"

"మన బడికి కంప్యూటర్ ఇప్పుడొచ్చిందండీ అని చెబుతాను," అని నవ్వారు.

పంటు రేవులో ఆగింది. ఆవిడ మౌసుని కొంగులో చుట్టుకుని దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

మా బడి కంప్యూటర్‌కీ కవరుండేది. లేసుది కాదు, పాత దుప్పటి. సోమవారం వెళ్లగానే అది తీసేశాను. వేసవి సెలవులు రాకముందే మా మౌసూ పాడైంది. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ నేనే టీ ఇప్పించాను.