తడవని పుస్తకాలు

కామారెడ్డిలో మాకు ఒక ఇల్లుంది. మేము ఎల్లారెడ్డిలో కిరాయికి ఉంటాము. డైరీలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకున్నప్పుడల్లా ఎక్కడో తప్పు రాశానేమోనని మళ్లీ చదువుకుంటాను. తప్పేమీ ఉండదు.

బాపు పశువుల దవాఖానలో కాంపౌండరు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆయనకు కామారెడ్డి బదిలీ ఖాయమన్నారు. ఆ నమ్మకంతో బ్యాంకు లోను తీసుకుని, అక్కడ ఊరి చివర కొన్న జాగాలో ఇల్లు కట్టించాడు. తూర్పు వైపు గది నాదని అమ్మ పునాదులప్పుడే చెప్పింది. గోడలో అరలు ఎంత ఎత్తుండాలని మేస్త్రీ అడిగితే నాకు నోరు పెగల్లేదు. బడిసంచిలోంచి తెలుగు వాచకం తీసి గోడకు ఆనించి చూపించాను. ఆయన నవ్వి, దాని మీద నాలుగు వేళ్లు పెట్టి, అక్కడ పెన్సిలుతో గీత గీశాడు. నేల దగ్గర నుంచి నా తల పైదాకా అయిదు అరలు వచ్చాయి.

గృహప్రవేశం నాటి రాత్రి ఆ గదిలోనే చాప మీద పడుకున్నాను. కిటికీకి ఇంకా రెక్కలు బిగించలేదు. సున్నం వాసన వస్తూ ఉంది. ఏ అరలో ఏ పుస్తకాలు పెట్టాలో అనుకుంటూ నిద్రపోయాను. తర్వాత ఆ జాబితా డైరీలోకి ఎక్కింది. కింది రెండు అరల్లో బడి పుస్తకాలు, పైన కథల పుస్తకాలు, అన్నిటికన్నా పైన డైరీలు.

బదిలీ రాలేదు. వచ్చే ఏడు వస్తుందన్నారు. అప్పటిదాకా అనుకుని ఇల్లు కిరాయికిచ్చాము. నా డిగ్రీ కూడా అయిపోయింది. జాబితాలో పుస్తకాలు పెరుగుతూ వచ్చాయి.

మొన్నటి వానాకాలం మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు తెల్లవారుతుండగా మా ఇంట్లో కిరాయికున్నామె అమ్మకు ఫోన్ చేసింది. ఆమె బట్టలు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు, తొమ్మిదో తరగతి చదివే కూతురుంది.

"అక్కా, ముంగటి గోడ గేటుతోని సహా వడ్డది. ఇంట్లకు మోకాళ్లదాంక నీళ్లచ్చినయి. మేం మంచిగనే ఉన్నం, పక్కోళ్ల మిద్దె మీద కూసున్నం. నా మిషినే మునిగింది."

తర్వాత ఫోటోలు వచ్చాయి. అమ్మ పడిపోయిన గోడను చూసింది. బాపు కరెంటు బోర్డును పెద్దది చేసి చూశాడు. నేను తూర్పు గది ఫోటో వచ్చేదాకా మిగిలినవన్నీ వేలితో తోసేశాను. మిద్దె మీద ముగ్గురు మనుషులు తడుస్తుంటే నేను వెతికింది అరల్ని.

ఆ మధ్యాహ్నం బాపు అన్నం కలుపుతూ అన్నాడు. "గోడ, తలుపులు, వైరింగు, అన్ని వోయినయి. లోను ఇంక తీరనే లేదు. బీమా అస్తె ఇల్లు నిలుస్తది. లేకుంటె అమ్ముడే."

కలిపిన అన్నం చాలాసేపు కంచంలోనే ఉంది.

లోనుతో పాటు ఇప్పించిన పాలసీ అది. ఏటా పొడిగిస్తూనే ఉన్నాము గానీ మా ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు. చదివే పని ఏదైనా నా మీదే పడుతుంది కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బీమా ఇంటికి మాత్రమే ఉంది, లోపలి సామానుకు లేదు. వాన, వరద, గోడ కూలడం, అన్నీ ఉన్నాయి. ఊపిరి పీల్చుకుంటుండగా చివర కుట్టిన దరఖాస్తు నకలు కనిపించింది. ఇంట్లో ఎవరుంటారు అన్న ప్రశ్నకు యజమాని, కిరాయిదారు అని రెండు గళ్లున్నాయి. బాపు యజమాని గడిలో టిక్కు పెట్టాడు.

"బాపూ, గిదేంది?"

"అప్పుడు మనమే ఉంటమనుకున్నం గద బిడ్డా."

"తర్వాతనన్న మార్పియ్యచ్చు గద. కిరాయికిచ్చి పదేండ్లాయె."

ఆయన ఆ టిక్కును బొటనవేలితో రుద్దాడు. "మార్పిస్తె ఇగ ఎన్నటికి పోమేమో అనిపిస్తుండె," అన్నాడు.

ఆ ఇంటి మీద మనసున్నది నాకొక్కదానికే అని అంతకాలం అనుకుంటూ వచ్చాను. బాపు ఎన్నడూ దాని గురించి సున్నాలు వేయించడం, పన్నులు కట్టడం తప్ప మాట్లాడలేదు.

పాలసీ ఇప్పించిన ఏజెంటుకు బాపు ఫోన్ చేస్తే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "పరేషాన్ గాకుండ్రి అన్నా. నష్టం సూడనీకి సర్వేయర్ అచ్చే దినం ఒక్క పూట మీరే ఉంటున్నట్టు కనవడుండ్రి. కిరాయోళ్లను యాడికన్న పంపుండ్రి. అయిపోతది."

ఈ మాట కిరాయికున్నామెకు చెప్పడానికి అమ్మ రెండుసార్లు ఫోన్ తీసి పెట్టేసింది. చివరికి చెబితే అవతల ఆమె పగలబడి నవ్వింది. "మీ ఇంట్ల మీరుండనీకి నన్నడుగుతరేందక్కా? దోమకొండల మా తల్లిగారింటికి పోతం. చక్కెర మాత్రం తెచ్చుకోండ్రి. నాది నీళ్లు తాగింది."

అలా మేము మా ఇంట్లో ఉండటానికి పొద్దున మొదటి బస్సుకు బయలుదేరాము. అమ్మ సంచిలో దుప్పట్లు, చక్కెర, టీపొడి, మేం ముగ్గురం దిగిన ఫోటో ఉన్నాయి. నేను రెండు సంచులు మోశాను. ఎత్తబోయిన బాపు "రాళ్లు వెట్టినవా?" అన్నాడు.

"పుస్తకాలు. ఇల్లు లెక్క కనవడాలె గద," అన్నాను.

అందుకు కాదని అమ్మకు తెలుసు. తాడ్వాయి దగ్గర మక్కచేన్లు ఇంకా నేలకు ఒరిగే ఉన్నాయి.

ఇల్లు కడిగి, కరెంటుకు అప్పటి మందం అతుకులు వేయించి ఉంది గానీ మూలల్లో మట్టి వాసన పోలేదు. గోడల చుట్టూ నీళ్లు నిలిచిన గీత గోధుమ రంగులో కనిపిస్తూ ఉంది. కిరాయివాళ్ల పెళ్లి ఫోటో దించి అదే మేకుకు అమ్మ మా ఫోటో తగిలించింది. నేను తూర్పు గదిలోకి వెళ్లి నానిపోయి ఉబ్బిన తలుపును దగ్గరికి వేసుకున్నాను. కిరాయివాళ్ల అమ్మాయి మంచం తప్ప తన సామానంతా తీసేసి అరలు తుడిచి వెళ్లింది. నేను ఒక్కో పుస్తకం తీసి పెట్టాను. కింది రెండు అరల్లో బడి పుస్తకాలు. పైన కథలు. అంగుళం తేడా లేకుండా పట్టాయి. మేస్త్రీ పెట్టిన నాలుగు వేళ్ల సందు సరిగ్గా అలాగే మిగిలింది. కిటికీలోంచి ఎండ వచ్చి మూడో అర మీద పడింది. అది అక్కడ పడుతుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నేల మీద కూర్చుని దాన్నే చూశాను. సర్వేయర్ ఆలస్యంగా రావాలని కోరుకున్నాను.

ఆయన పదకొండింటికి వచ్చాడు. నడివయసు మనిషి, చేతిలో టేపు, భుజానికి సంచి. పడిపోయిన గోడను కొలిచి, ఫోటోలు తీసుకుని లోపలికి వచ్చాడు.

"ఎన్నేండ్ల సంది ఉంటున్నరు సార్?"

"పదేండ్లు," అన్నాడు బాపు.

గది చీకటిగా ఉందని బాపు లైటు వేయబోయి ఫ్యాను వేశాడు. దాన్ని ఆపి ఇంకోటి నొక్కితే బయట వాకిట్లో బల్బు వెలిగింది. సర్వేయర్ ఆ బల్బు వైపు చూసి మంచినీళ్లు అడిగాడు. వంటింట్లో అమ్మ ఒక్కో తలుపు తెరిచి మూస్తున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తూనే ఉంది. చివరికి చెంబుతోనే తెచ్చి ఇచ్చింది.

"గిలాసలు కొట్టుకపోయినయా అమ్మా?" అన్నాడాయన. అమ్మ నవ్వబోయి ఆపుకుంది.

తర్వాత నా గదిలోకి వచ్చాడు. గీత ఎత్తు కొలవడానికి వంగి, టేపు పట్టి, అలాగే ఆగిపోయాడు. రెండో అరలోంచి ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పాడు.

"నీళ్లు గీడిదాంక వచ్చినయి. పుస్తకం సూస్తె తడి తగలక అప్పడం లెక్క ఉన్నది." నా వైపు తిరిగాడు. "నీవేనామ్మా?"

నేను కొత్తవాళ్లతో మాట్లాడలేను. కిరాణం దుకాణంలో కూడా చీటీ రాసి ఇస్తాను. బాపు గడప దగ్గర నిలబడి కాళ్ల వేళ్లు చూసుకుంటున్నాడు. నీళ్లొచ్చినప్పుడు పై అరలో ఉండెనని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ ఆ గదిలో ఉండి అది అంటే, పొద్దున్నుంచి నేను సర్దుకున్నది కూడా సర్వేయర్ కోసం పెట్టినట్టే అయిపోతుంది.

"నావే సార్. పొద్దుగాల తెచ్చి వెట్టిన," అన్నాను. "మేం ఈడ ఉండం. ఎల్లారెడ్డిల కిరాయికుంటం. ఇది నా అర్ర అని కట్టిండ్రు గని, ఎన్నడు ఉండలే."

అమ్మ చేతిలో చెంబు గోడకు తగిలి చప్పుడైంది.

"నాకు ఫ్యాను కాడనే సమజైంది," అన్నాడు సర్వేయర్, పుస్తకాన్ని తీసిన చోటే పెడుతూ. మంచం అంచున కూర్చున్నాడు. "సార్, కిరాయికిచ్చుడు తప్పు గాదు. సంసారమే ఉంటున్నది, దుకాణమేం పెట్టలే. ఆఫీసుల చెప్పకపోవుడు తప్పు. అబద్ధం చెప్పి దొరికితె మొత్తం పోతది. నేను సూసిందే రాస్త. మీరు గుడ ఉన్నది ఉన్నట్టు ఒక కాయిదం రాసియ్యుండ్రి. పైసలు మొత్తం ఇస్తరో, కొంత కోస్తరో పైనోళ్ల చేతిల ఉంటది."

"మరి కిరాయామె మిషిను?" అని అమ్మ అడిగింది.

"కిరాయోళ్ల సామాను ఈ పాలసీల రాదమ్మా. ఆమె వేరే తీసుకోవాలె."

ఉత్తరం నేనే రాశాను. డైరీలో తప్ప ఎక్కడా రాయని దాన్ని, మొదటిసారి మరొకరు చదవడం కోసం రాశాను. ఇల్లు ఎప్పుడు కట్టిందీ, ఎప్పటి నుంచి కిరాయికిచ్చిందీ, ఇప్పుడు ఎవరుంటున్నదీ రాసి, 'గృహప్రవేశం నాటి ఒక్క రాత్రి తప్ప మేము ఈ ఇంట్లో ఉండలేదు' అని ముగించాను. బాపు చదివి, ఆ చివరి వాక్యం దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సంతకం పెట్టాడు.

"గీ ముచ్చట ఆఫీసోళ్లకు అక్కర లేదు," అన్నాడు సర్వేయర్. "కానీ, ఉండనీ తియ్."

సాయంత్రం కిరాయామె వచ్చేసరికి నా పుస్తకాలు సంచుల్లోకి ఎక్కాయి. జరిగింది విని ఆమె నడుము మీద చేతులు పెట్టుకుంది. "నిజమే చెప్పేదుంటె పొద్దుగాల్ల నన్నెందుకు ఎల్లగొట్టిండ్రు సార్?" అని నవ్వి, తన పెళ్లి ఫోటో తనే తగిలించుకుంది. మిషిను సంగతి అమ్మ చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. రెండు నెలలు కిరాయి ఇయ్యొద్దని బాపు బయటకు వచ్చాక ఆమెకు చెప్పాడు.

మూడు నెలల తర్వాత బీమా వచ్చింది. ముందే చెప్పనందుకు కొంత కోశారు గానీ గోడ, గేటు, తలుపులు, వైరింగు అయ్యాయి. ఇల్లు అమ్మే మాట మళ్లీ రాలేదు. పాలసీలో కిరాయి ఇల్లని మార్పించడానికి కిరాయి ఒప్పందం కావాలన్నారు. దాని మీద సంతకం కోసం మొన్న నేనొక్కదాన్నే కామారెడ్డి వెళ్లాను.

ఆమె కుర్చీ వేసి, టీ తెచ్చింది. కొత్త మిషిను మీద ఎవరిదో పెళ్లి జాకెట్టు సగం కుట్టి ఉంది. తూర్పు గది తలుపు మూసి ఉంది.

"కొత్త తలుపు మంచిగ గూసున్నది. లోపటికి వోయి సూసిరా చెల్లె. బిడ్డ సదువుకుంటున్నది, ఏమనదు."

"వద్దక్కా, సదువుకోనీ," అన్నాను.

తలుపు వెనక నుంచి ఆ అమ్మాయి ఏదో పాఠం పైకి చదువుకుంటున్న గొంతు వస్తూ ఉంది. టీ అయ్యేదాకా విన్నాను. సంతకం చేసిన కాగితం సంచిలో పెట్టుకుని బయటకు వచ్చాను. కొత్త గేటుకు లోపలి వైపు ఏదో గడియ. పైకి లేపాను, పక్కకు జరిపాను. రాలేదు. ఆమె వెనక నుంచి వచ్చి, ఒక చేత్తో గేటును కొంచెం ముందుకు నొక్కి, రెండో చేత్తో గడియ తీసింది.

"గట్ల నొక్కి తియ్యాలె," అంది. "మెల్లగ వో చెల్లె. మల్ల రా."