అమ్మ ఫోన్ చేస్తే రాంగ్ నంబర్ అన్నాను

ఈ మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే గాలి బుస తప్ప మాట లేదు. రెండోసారీ అంతే. "రాంగ్ నంబరండీ" అని విసుగ్గా పెట్టేశాను. మూడోసారి ఊళ్లో మా పక్కింటి మస్తానమ్మత్త మాట్లాడింది.

"ఏరా, నా ఫోన్లోంచి మీ అమ్మ ఇందాకట్నుంచి పిలుస్తుంటే పెట్టేస్తావేంట్రా?"

"గాలి తప్ప ఏం వినపడలేదత్తా."

"ఇప్పుడు దాని గొంతు అదేగదరా!"

మా అమ్మ సత్తెనపల్లి దగ్గర మిరపకోతల ముఠాకి మేస్త్రి. తెల్లారి ఒక్క కేక వేస్తే మూడు బజార్ల ఆడవాళ్లు ఆటో దగ్గరికి చేరేవాళ్లు. పది రోజుల క్రితం మెడలో థైరాయిడ్ గడ్డ తీశారు. క్యాన్సర్ కాదు, మామూలు గడ్డే. కోతలు మొదలయ్యేలోపు అయిపోతుందని తొందరపెట్టింది నేనే. గొంతు పోవచ్చని రాసున్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టిందీ నేనే. ఆపరేషన్లో గొంతు నరం దెబ్బతిందట, ఆర్నెల్లు చూడాలట. వస్తుందని మాత్రం డాక్టరుగారు అనడం లేదు.

అన్నీ తెలిసీ, ఫోన్ ఎత్తగానే నా చెవులు ఆ కేకే వెతుక్కున్నాయి.

ఇలా పోయిన గొంతు తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రానివాళ్లు, దయచేసి ఈ ఒక్క రోజుకి ఏమీ రాయకండి.