దేముడమ్మకు దొరికిన చక్రాల కుర్చీ

చింతపల్లి దగ్గర కొండవాలులో కాఫీ తోట చేసుకునే దేముడమ్మకు యాభై దాటాయి. పళ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె కొండ దిగుతుంటే వెనక వచ్చే పడుచువాళ్లు ఆయాసపడతారు. అలాంటి మనిషిని జర్మనీలో కాఫీ ప్రదర్శనకు తీసుకెళ్లిన, ఆమె పంట కొనే కంపెనీ మేనేజరు సాయినాథ్, అక్కడి ఎయిర్‌పోర్టులో విమానం దిగగానే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. చదువురాని ఆవిడ కంగారుపడకూడదని ఆయన దయ. కుర్చీ వెంట ఉన్నవారికీ పొడవాటి క్యూ తప్పుతుందన్న సంగతి ఆ దయలో చిన్న భాగం మాత్రమే.

కుర్చీ తోయడానికి వచ్చినాయన ఆమెకన్నా పెద్దవాడు. జుట్టు నెరిసింది, నడుము వంగింది. దేముడమ్మ ప్రాణం చివుక్కుమంది.

"నాకు కాళ్లు నేవేటి బాబూ? ఈ ముసిలాయన సేత తోయించుకోడం సిగ్గుగా ఉంది. దిగిపోతాను."

"దిగావంటే ఇద్దరి కొంపా మునుగుతుంది. కాస్త నొప్పిగా ఉన్నట్టు మొహం పెట్టు" అన్నాడు సాయినాథ్.

అదెలా పెట్టాలో తెలియక ఆమె ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది.

పాస్‌పోర్టులు చూసే అధికారిణి ఏం పనిమీద వచ్చారని అడిగింది. సాయినాథ్ గర్వంగా కంపెనీవారి రంగుల పుస్తకం అందించాడు. అట్టమీద దేముడమ్మే, నెత్తిన బుట్టతో నిట్టనిలువు కొండ ఎక్కుతూ. అధికారిణి బొమ్మను చూసింది, కుర్చీని చూసింది, కాళ్లకేమైందంది. మోకాళ్లు పూర్తిగా పోయాయని సాయినాథ్ ఇంగ్లీషులో విచారం ప్రకటించాడు. ఆ భాష రాని దేముడమ్మ తన బొమ్మ గురించే అడుగుతున్నారనుకుని, లేచి, నెత్తిన చేతులు పెట్టి చకచకా నడిచి చూపించింది. పైసా ఖర్చు లేకుండా మోకాళ్లు బాగుపడినా సాయినాథ్ ఎందుకో సంతోషించలేదు. అధికారిణి నవ్వు ఆపుకుంటూ ఇద్దరినీ క్యూ చివరికి పొమ్మంది.

తిరుగు ప్రయాణానికీ కుర్చీ ముందే రాయించి ఉంది. అదే పెద్దాయన తెచ్చాడు. దేముడమ్మ ఎక్కలేదు. సామానంతా అందులో పెట్టి, ఆయన చేతులు మెల్లగా తప్పించి, తనే తోసుకుంటూ బయలుదేరింది. ఆయన దారి చూపిస్తూ పక్కన నడిచాడు. ఎవరి భాషలో వారు ఏవేవో చెప్పుకున్నారు. ప్రదర్శనలో దేముడమ్మ కష్టాల గురించి సాయినాథ్ గంటసేపు చేసిన ఉపన్యాసంకన్నా ఆమెకు ఈ మాటలే నచ్చాయి.

తనిఖీలో సాయినాథ్ చేత బెల్టు, బూట్లు విప్పించారు. జారిపోతున్న ప్యాంటు పట్టుకుని ఆయన వచ్చేసరికి, ఆ ఇద్దరూ బెంచీమీద కూర్చుని వేయించిన శనగలు తింటున్నారు.

"నీ తరపున ఈయనకి దండం ఎట్టేసాను బాబూ" అంది దేముడమ్మ. "నువ్వు బేగి బూట్లు తొడుక్కో."