ఇప్పచెట్ల మధ్య కూలిన విమానం

పెదనాన్న పోయారన్న కబురు పొద్దున్నే వచ్చింది. నేను మణుగూరులో పాఠాలు చెప్పే స్కూలుకు తయారవుతున్నాను. ఖమ్మం నుంచి ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "నాయిన పోయిండు చెల్లె. చాయ్ అడిగిండు. తెచ్చేలోపే..." అని ఆగిపోయాడు. ఏడుపు వెంటనే రాలేదు. వంటింట్లోకి వెళ్లి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూశాను. ఆ అలవాటు ఆయన నేర్పిందే.

ఆయన మణుగూరు బొగ్గు గనుల వర్క్‌షాపులో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. బొగ్గు మోసే ఇల్లంత డంపర్ల కిందికి దూరి పనిచేసే మనిషి, పెట్రోలు బంకు వస్తే మాత్రం నా స్కూటీ దిగి రోడ్డు అవతలికి వెళ్లి నిలబడేవారు. ఇంట్లో అగరుబత్తి వెలిగిస్తే అది ఆరిపోయేదాకా ఆ గదిలోంచి కదిలేవారు కాదు. పిల్లలం నవ్వితే, "భయమైతున్నదంటే మనిషి సోయిల, తెలివిల ఉన్నట్టు బిడ్డా" అనేవారు.

ఆ భయం ఎక్కడిదో నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, వరండాలో కూర్చుని, నేను అడగకుండానే చెప్పారు.

తిరుమలాయపాలెం వైపు పల్లెలో పుట్టిన ఆయనకు మొదటి ఉద్యోగం హైదరాబాదులో, విమానం నడపడం నేర్పే ఒక స్కూల్లో దొరికింది. అక్కడ ఒక పాత విమానం ఉండేది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, కట్టె చట్రం మీద బిగించి రంగు పూసిన బట్ట. యుద్ధకాలంలో కొత్త పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి చేసింది. యుద్ధం అయ్యాక ఆ స్కూలుకు వచ్చింది. ఎంతోమంది దాని మీదే మొదటిసారి గాల్లోకి లేచారు. దాన్ని స్టార్ట్ చేయాలంటే ఎదురుగా నిలబడి పంకాను చేత్తో తిప్పాలి. తిప్పిన వెంటనే వెనక్కి దూకాలి. "రోజూ తిప్పేటోన్ని. రోజూ భయమే" అన్నారు.

తర్వాత కొత్త విమానాలు వచ్చాయి. దాన్ని షెడ్డులో పెట్టేశారు. ఏళ్లు గడిచాక, గోదావరి అవతల ఊళ్లో ఎవరో ప్రదర్శనకు పెట్టుకుంటామని కొన్నారు. విప్పి లారీలో పంపేకంటే ఎగరేసుకుపోవడమే మేలన్నారు. పెదనాన్న ఇంజన్ విప్పి, కడిగి, బిగించారు. నడిపే సారు వెనక సీట్లో, పెదనాన్న ముందు సీట్లో కూర్చున్నారు. ఇంజన్ హోరులో మాట వినపడదు కాబట్టి ఇద్దరి మధ్య ఒక రబ్బరు గొట్టం ఉండేది. దాంట్లోంచే మాటలు.

ఖమ్మం దాటి అడవి మొదలయ్యాక ఇంజన్ దగ్గింది. సర్దుకుంది. మళ్లీ దగ్గింది.

"ఏమైంది?" గొట్టంలో సారు గొంతు.

"పెట్రోల్ సరిగ్గ అందుతలేదు సార్."

"దిగడానికి చోటు చూడు."

పెదనాన్న కిందికి చూశారు. కనుచూపు మేర చెట్లే. "ఆ మాట చెప్పనీకి నోరు రాలే బిడ్డా. ఆయనకు గూడ కనవడుతనే ఉన్నయి గద."

ఇంజన్ ఆగిపోయింది. హోరు పోయాక, రెక్కల మధ్య తీగలు గాలికి ఈల వేస్తున్న చప్పుడొక్కటే మిగిలిందట. చెట్ల తలలు తగిలి రెక్కలు విరిగాయి. తెలివి వచ్చేసరికి విమానం నేల మీద ఒరిగి ఉంది. ఎడమ భుజం పనిచేయడం లేదు. నెత్తి మీద చల్లగా ఏదో కారుతోంది. ఆ విమానానికి పెట్రోలు టాంకు పై రెక్కలో, సరిగ్గా ముందు సీటుకు పైన ఉంటుంది. అది చిట్లింది. నెత్తురేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నారు. నెత్తురైతే బాగుండుననిపించిందట.

అప్పుడే పొగ వాసన వచ్చింది. ఇంజన్ పొగ కాదు. అది ఇప్పపూల కాలం. రాలే పువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేస్తారు. అలాంటి మంట ఒకటి పూర్తిగా ఆరక, ఆకుల వెంట మెల్లగా పాకుతూ వస్తోంది.

పెదనాన్న బయటికి దేక్కుంటూ వచ్చారు. సారు కాలు వంగిన కడ్డీల కింద ఇరుక్కుపోయింది. "నన్ను వదిలేసి పారిపో" అన్నారు సారు.

"నేను పోలే. ధైర్యం గాదు బిడ్డా. నా బట్టలన్నీ పెట్రోలే. యాడికి ఉరికినా నిప్పు నా ఎంటనే వస్తదనిపించింది."

ఒంటి చేత్తో ఆకులు గోకి పక్కకు నెట్టడం మొదలుపెట్టారు. అంతలో చెట్ల మధ్య నుంచి ఆలుమగలిద్దరు వచ్చారు, పూలు ఏరుకుంటున్నవాళ్లు. భర్త నోట్లో వెలుగుతున్న చుట్ట ఉంది. పెదనాన్న అరవబోయారు. పొగకు దగ్గు అడ్డుపడింది. ఆ మనిషి విమానాన్ని వింతగా చూస్తూ దగ్గరికి వస్తున్నాడు. ఆమెకు ముందు వాసన తగిలింది. భర్త నోట్లోంచి చుట్ట లాగి మట్టిలో నలిపేసింది.

"మీరు మనుషులేనా?" అంది.

"అవ్, మనుషులమే తల్లి. మంట ఆర్పు, జల్దీ!"

ఆమె పచ్చి కొమ్మలు విరిచి మంటను బాదింది. ఆమె భర్త గొడ్డలితో చట్రం నరికాడు. ఇనుము మీద దెబ్బ పడితే రవ్వ లేస్తుంది. "కట్టె మీదనే కొట్టన్నా, కట్టె మీదనే" అని అంటూనే, గొడ్డలి లేచిన ప్రతిసారీ పెదనాన్న కళ్లు మూసుకున్నారు.

సారును లాక్కుని ఎండిన వాగు దాటారో లేదో, మంట ఇంకో పక్క నుంచి విమానాన్ని అందుకుంది. రంగు పూసిన బట్ట ఒక్క ఊపున లేచిపోయింది. ఎందరికో ఎగరడం నేర్పిన రెక్కలు పెదనాన్న చూస్తుండగానే బూడిదయ్యాయి.

సారును మంచం మీద రోడ్డుదాకా మోసి, జీపులో భద్రాచలం దవాఖానాకు చేర్చారు. కాలు వంకర పోయింది గానీ బతికారు. విచారణకు వచ్చినవాళ్లు, అంతా కాలిపోయింది కాబట్టి కారణం తేలదన్నారు. పెదనాన్నను పట్టుకున్న రెండో భయం అదే. పెట్రోలు గొట్టం తను సరిగ్గా బిగించారా, లేదా? చాలా ఏళ్లకు సారు మణుగూరు వచ్చి, "నువ్వు బిగించడం నేను చూశానయ్యా" అన్నారట. "నిజంగ సూసిండో, నన్ను ఊరడించనీకి అన్నడో" అని పెదనాన్న నా మొహంలోకి చూశారు.

ఆయన మళ్లీ విమానాల జోలికి పోలేదు. ఏటా ఇప్పపూల కాలంలో మాత్రం ఆ దంపతుల గూడేనికి వెళ్లి, వాళ్ల దగ్గర ఒక పూట ఉండి వచ్చేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. అప్పటికి ఆమె ముసలిదైపోయింది. "మీ పెదనాన్న గా దినం ఎట్ల వణికిండనుకున్నవ్! నేను గూడ వణికిన. ఇద్దరం వణుక్కుంటనే ఆర్పినం" అని పగలబడి నవ్వింది. పెదనాన్న కూడా నవ్వారు. ఆయన అంత హాయిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

పోయిన నెల ఊపిరి అందక ఖమ్మంలో దవాఖానాలో ఉంటే చూడబోయాను. నా చెయ్యి పట్టుకున్నారు.

"భయమైతుందా పెదనాన్నా?"

"అవ్. నువ్వు మాట్లాడు. ఏదన్న మాట్లాడు."

స్కూల్లో కోతులు మధ్యాహ్న భోజనం ఎత్తుకుపోయిన సంగతి చెప్పాను. మా కాలనీలో నీళ్ల గొడవ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని వింటూ, నేను ఆగినప్పుడల్లా పట్టు బిగించారు. ఇక వెళ్లాలని నర్సు వచ్చి చెప్పింది. వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని లేచాను.

ఆ రోజు తిరుగు బస్సు ఖమ్మం వదిలి తల్లాడ దాటినా నా మణికట్టు మీద ఆయన వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని, ఆ చేతిని కదపకుండా ఒళ్లో పెట్టుకున్నాను.